పచ్చ గడిలో పేరు

ఇస్త్రీపెట్టె మొనను కాలరు చివర ఆనించి, అక్కణ్ణుంచి మెడ వెనక దాకా ఒక్క ఊపున లాగింది మడతక్క. రెండో చివర నుంచి మళ్ళీ అలాగే. నడిమి నుంచి మొదలుపెడితే గుడ్డ అంచులకు జరిగి అక్కడ ముడతపడి కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్న ముడత చుట్టం లాంటిది, పొమ్మంటే పోదు. కాలరు అయ్యాక భుజాలు, ఆ తర్వాత చేతి పట్టీలు, చేతులు, ఆఖర్న వీపూ రొమ్మూ. ఈ వరస ఆమెకు నేర్పింది పాత ఓనరు భార్య. నేర్పినావిడ పోయింది, పాత ఓనరు పోయాడు, బొగ్గుల పెట్టె పోయి కరెంటుది వచ్చింది, కరెంటుది పోయి ఆవిరి పెట్టె వచ్చింది. వరస మాత్రం మారలేదు.

లాండ్రీ బస్టాండు పక్క సందులో ఉంది. ముందు గదిలో గల్లా బల్ల, దాని వెనక చిన్న ఓనరు, అతని వెనక ఉతికిన బట్టల అరలు. వెనక గదిలో ఉతికే యంత్రాలు గుడగుడమంటూ ఉంటాయి. ఆ గది కిటికీ పక్కనే మడతక్క బల్ల. దాని మీద పరిచిన దుప్పటి ఆమె మోచేయి ఆనే చోట పల్చబడి, కింది చెక్క కనిపిస్తోంది. నేల కూడా ఆమె నిలబడే మేర నునుపు తేలింది. అక్కడ ఇంకెవరైనా నిలబడితే కాలు జారుతుందంటారు, ఆమెకు మాత్రం ఎన్నడూ జారలేదు.

అసలు పేరు ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప ఆమెకే చప్పున గుర్తుకు రాదు. ఆమె మడతపెట్టిన షర్టు సంచిలో ఊరంతా తిరిగొచ్చినా పెట్టింది పెట్టినట్టే ఉంటుందని బస్సుల వాళ్ళు ఆ పేరు పెట్టారు. చిన్న ఓనరు ఇంకో అర్థం చెబుతాడు, ఆమె మాట కూడా మడతేనట, ఇంకొకళ్ళు విప్పలేరట.

"మడతపేచీ పెట్టేదాన్నే అయితే నీ దగ్గర ఇన్నేళ్ళు ఉండేదాన్నా?" అంటుంది ఆమె, చేతిలో పని ఆపకుండా.

పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు. తమ్ముడి భార్య పురిట్లోనే పోతే, పసిగుడ్డును కాస్త ఒడ్డున పడేసి వస్తానని వాళ్ళింటికి వెళ్ళింది. ఆ కాస్త అలా సాగింది. తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టాడు. పిల్ల మాత్రం అత్త పక్కలోంచి కదల్లేదు. ఆ మేనకోడలే ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. ఇద్దరూ ఒక గది, ఒక వంటిల్లు ఉన్న మేడ మీది వాటాలో ఉంటారు. పొద్దున లేస్తూనే అత్త మాత్రలు వేసుకుందో లేదో చూడటం ఆ పిల్ల పని. వేసుకున్నానని అబద్ధం చెప్పే మనిషి కాదు మడతక్క. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. ఒక్క పూట కూడా మానకుండా వేసుకుంటోంది.

నీలం షర్టు మడతపెట్టి, తెల్ల షర్టు అందుకుంటుండగా మోకాళ్ళ దగ్గర మొదలైంది. ముందు ఒక సన్నటి వణుకు. తర్వాత పెదవుల చుట్టూ తిమ్మిరి. నేల తడి దుప్పటిలా అటూ ఇటూ జారుతున్నట్టు. మెడ మీద చెమట పోసింది, అది ఆవిరి చెమట కాదు, చల్లటిది. మడతక్క పెట్టెను నిలువుగా ఆనించి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి కాగితం పొట్లం తీసి, చిటికెడు పంచదార నాలిక కింద వేసుకుంది. ఇంకో చిటికెడు. బల్ల అంచు పట్టుకుని, యంత్రాల చప్పుడు మళ్ళీ మామూలుగా వినబడేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. చలికాలంలో ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఇప్పుడు తరచూ వస్తోంది. షుగరు మనిషి పంచదార పొట్లం మోసుకు తిరుగుతోందంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. నవ్విపోతారన్నది పైకి అనుకునే మాట. అసలు భయం వేరే ఉంది.

"ఇవాళ క్లినిక్కు కదా, బయల్దేరు. ఫోను కూడా వచ్చింది" అన్నాడు చిన్న ఓనరు ముందు గదిలోంచి.

"ఎన్నిసార్లు చేస్తారు? నిన్న నాకు చేశారు, మొన్న మా పిల్లకు చేశారు."

"నువ్వంటే అంత ప్రేమ వాళ్ళకి."

*

షుగరు ఆమె ఒంట్లోకి ఎప్పుడొచ్చిందో తెలీదు గానీ, బయటపడింది ఎప్పుడో తెలుసు. బట్టలకు నంబరు గుచ్చే పిన్ను ఒకటి ఎడమ అరికాల్లో దిగింది. దాని మీదే పొద్దంతా నిలబడి పనిచేసింది. సాయంత్రం ఇంటికెళ్ళాక మేజోడు నెత్తురుతో తడిసి ఉండటం చూసి మేనకోడలు కెవ్వుమంది. మడతక్కకు నొప్పి తెలియలేదు. అదే అసలు జబ్బని మర్నాడు క్లినిక్కులో చెప్పారు.

నాలుగు రోజులకు చీము పట్టి వాసనేస్తున్న ఆ కాలిని చూసి బయట బెంచీ మీదవాళ్ళు ముక్కు మూసుకున్నారు. అప్పుడే కొత్తగా చేరిన సిస్టరు మాత్రం చిన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుని, తెల్లకోటు మీద తువ్వాలు వేసుకుని, ఆ కాలిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. పుండు మానేదాకా అలాగే కడిగింది. ఏ మాత్ర ఎందుకో, ఏ పూట ఎంత తినాలో, గోళ్ళు ఎలా తీసుకోవాలో చిన్నపిల్లకు ఓనమాలు దిద్దించినట్టు నేర్పింది. తల్లి పోయాక తన కాలిని ఇంకొకరు ముట్టుకోవడం మడతక్కకు అదే మొదలు. ఆ రోజు నుంచి సిస్టరు చెప్పింది జవదాటలేదు.

అప్పటికింకా ఈ రంగులు లేవు. ఆ తర్వాత క్లినిక్కుకు సొమ్మిచ్చే పైవాళ్ళు పద్ధతి మార్చారు. ఇంతమందిని చూశాం, ఇంత ఇవ్వండి అంటే ఇక కుదరదు. ఎంతమందికి షుగరు అదుపులోకి వచ్చింది, ఎంతమందికి కళ్ళు చూశారు, కాళ్ళు చూశారు, దాన్నిబట్టే ఇస్తారు. మంచి జరగలేదని ఎవరూ అనలేరు. కళ్ళు చూసే యంత్రం వచ్చింది. మందులు లేవు పొమ్మనే రోజు లేకుండా పోయింది. రాకపోతే ఫోన్లు చేస్తున్నారు. డాక్టరు బల్ల మీదికి కంప్యూటరు వచ్చింది. అందులో ఒక్కో పేరు పక్కన ఒక్కో గడి. మూణ్ణెల్ల పరీక్షలో నంబరు ఏడులోపు ఉంటే గడి ఆకుపచ్చ, దాటితే పసుపు, మరీ దాటితే ఎరుపు. డాక్టరు కుర్చీ మెల్లగా మనుషుల వైపు నుంచి దాని వైపు తిరిగింది. ఒకసారి సిస్టరు మడతక్కను పిలిచి చూపించింది. "ఇదిగో, ఇది నువ్వు." చిన్న పచ్చ గడి. బడి ముఖం సరిగా చూడని మనిషికి, తన పేరు పక్కన అలాంటిదొకటి వెలుగుతుంటే ఏదో పరీక్ష పాసైనట్టే అనిపించింది.

*

క్లినిక్కు వరండాలో గోడ పొడుగునా బెంచీ ఉంది. ఒక చివర డ్రైవరు పెద్దాయన, పక్కన రొట్టెల బట్టీలో పనిచేసే ఆవిడ కూర్చుని ఉన్నారు. నెల నెలా కలిసేవాళ్ళే. ముగ్గురికీ ఒకే జబ్బు, ఒకే బెంచీ. చుట్టరికానికి అంతకంటే ఏం కావాలి?

"జరగండమ్మా, పచ్చ గడి మహారాణి వచ్చింది" అన్నాడు పెద్దాయన. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంజను చప్పుడు మీద మాట్లాడటం అలవాటై గొంతు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. ఇవాళ మాత్రం కాస్త తగ్గినట్టు తోచింది.

"మీకెప్పుడూ వేళాకోళమే అన్నయ్యా."

"వేళాకోళం కాదు చెల్లెమ్మా. నాది ఎరుపు. సిగ్నలు దగ్గర ఆగిపోయిన బండిని. నీ పచ్చలో కాస్త అరువిస్తే దాటిపోతా."

బట్టీ ఆవిడ నవ్వి, "ఆయన పేరు కొట్టేశారట. పెద్దాసుపత్రికి పొమ్మన్నారట. ఇవాళ కాగితాలు తీసుకోడానికి వచ్చాడు" అంది.

మడతక్క ఆయన వైపు చూసింది. "ఎందుకు?"

"నాలాంటి వాణ్ణి చూడటానికి అక్కడ పెద్ద డాక్టర్లున్నారట. నా మంచికేనట." పెద్దాయన చొక్కా పై గుండీ తీసుకుని గాలి విసురుకున్నాడు. "రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ జనాన్ని బస్సుల్లో మోసినందుకు ఇప్పుడు బస్సులు నన్ను మోస్తాయి, తప్పేముంది? ఒకటి మాత్రం చిత్రం. పరీక్ష రాసేది మనం, మార్కులొచ్చేది వాళ్ళకి. ఫెయిలయ్యేవాణ్ణి బళ్ళోంచి పంపేస్తే బడికి మంచి పేరొస్తుంది."

"మీరు మాత్రం తక్కువ తిన్నారా? టీలో పంచదార లేనిదే మీకు తెల్లారదు" అంది బట్టీ ఆవిడ. "ఎందుకు అడుగుతున్నారన్నది మనకెందుకండీ, అడుగుతున్నారుగా. ఇదివరకు మనం ఉన్నామో పోయామో అడిగే నాథుడు లేడు. మా ఆయన అలాగే పోయాడు. ఇప్పుడు నేను ఒక నెల రాకపోతే ఫోన్ల మీద ఫోన్లు. డబ్బు కోసం చేస్తే మాత్రమేం, నా కళ్ళు నిలబడ్డాయి."

"అదీ నిజమే" అన్నాడు పెద్దాయన. ఆయన ఎవరి మాటనైనా ఒప్పేసుకుంటాడు.

ఇద్దరి మాటలూ మడతక్కకు నిజంగానే తోచాయి. ఒకే గుడ్డకు లోపలి వైపూ బయటి వైపూ ఉన్నట్టు.

పంకా సరిగ్గా తల మీదే తిరుగుతున్నా పెద్దాయన నుదుటి మీద చెమట నిలిచి ఉంది. ముఖం పాలిపోయింది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో నొక్కుకుంటున్నాడు. ఆ చెమట తాను ఎరిగిందే అనుకుంది మడతక్క. బట్టీ ఆవిడ అటు తిరిగినప్పుడు నడుము సంచిలోని పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "నోట్లో వేసుకోండి. సర్దుకుంటుంది."

ఆయన పొట్లం విప్పి చూసి, ఆమెను చూశాడు. "మహారాణి దగ్గర పంచదారా?"

"గట్టిగా అనకండి."

"అననులే." చిటికెడు నోట్లో వేసుకుని పొట్లం తిరిగిచ్చేశాడు. "నీక్కూడా వణుకొస్తోందా? చెప్పావా వాళ్ళకి?"

ఇంతలో సిస్టరు తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో పెద్దాయన కాగితాలున్నాయి. "ఇవిగోండి. రేపే వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అంటూ ఆయనకిచ్చింది. ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసి ఏదో అడగబోయింది. లోపల్నుంచి డాక్టరు పిలిచాడు. "రా మడతక్కా" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు కుర్రవాడు, చెడ్డవాడు కాదు. కళ్ళ కింద నిద్రలేని చారలు. ఆమె కూర్చోకముందే నంబరు చూసేశాడు.

"ఆరు పాయింట్ ఒకటి. చాలా బావుంది. మీలాంటివాళ్ళు ఇంకో పదిమందుంటే నాకే దిగులూ ఉండదు." ఈసారి ఆమె వైపు తిరిగి నవ్వాడు. మళ్ళీ తెర వైపు తిరిగాడు. "కళ్ళు చూశాం. కాళ్ళు?"

"పోయిన నెల చూశాను" అంది సిస్టరు.

"ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" వేలు ఒక మీట మీద సిద్ధంగా పెట్టుకుని అడిగాడు.

ఇదే అదను. మేడ మెట్లెక్కుతూ, బస్సులో నిలబడి, రాత్రి పడుకునే ముందు ఆమె ఎన్నోసార్లు కూడబలుక్కున్న మాట నాలిక చివరికి వచ్చింది. వణుకొస్తోంది బాబూ, కళ్ళు తిరుగుతున్నాయి. అంటే ఏమవుతుంది? మాత్ర తగ్గిస్తారు. తగ్గిస్తే నంబరు పెరుగుతుంది. పచ్చ పసుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది. ఎర్రవాళ్ళు ఎక్కడికి వెళ్తారో ఇప్పుడే బెంచీ మీద చూసొచ్చింది. పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టర్లుంటారు. కాలు ఒళ్ళో పెట్టుకునే సిస్టరు ఉండదు. అదొక్కటే కాదు. తల తిప్పి చూస్తే సిస్టరు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఆ నంబరు తానే సంపాదించినంత సంతోషం. పైనుంచి ఎవరైనా చూడటానికొచ్చినప్పుడల్లా సిస్టరు మడతక్క సంగతే చెబుతుందని బెంచీ మీద అందరూ అంటారు. ఆ ముఖాన్ని చిన్నబుచ్చడానికి ఆమెకు నోరు రాలేదు. మింగలేక కక్కలేక, "ఏం లేవు బాబూ" అంది.

మీట టక్కుమంది.

బయటికి వచ్చేసరికి బెంచీ చివర ఖాళీగా ఉంది. "వెళ్ళిపోయాడు" అంది బట్టీ ఆవిడ. "పాత రూటు బస్సు కనబడేసరికి చిన్నపిల్లాడిలా లేచి వెళ్ళి ఎక్కాడు."

*

లాండ్రీకి తిరిగొచ్చేసరికి పని కొండలా పేరుకుంది. మధ్యాహ్నం తిండి తర్వాత తిందామనుకుంది. హోటలు దిండు గలీబులు, ఎవరిదో పట్టు జాకెట్టు, బస్సుల వాళ్ళ యూనిఫారాలు, వాటి కింద క్లినిక్కు కోట్లు. కోట్లు ఆమె ఎవరికీ వదలదు. అందులో సిస్టరుది ఏదో కాలరు చూస్తే చెబుతుంది, లోపల నీలం దారంతో వేసిన చిన్న కుట్టు ఉంటుంది. దాని మీద ముందు నీళ్ళు చిలకరించి, ఒక చేత్తో సాగదీస్తూ, రెండో చేత్తో పెట్టె ఆనించింది.

పెద్దాయన అడిగిన మాట చెవిలో మోగుతూనే ఉంది. చెప్పావా వాళ్ళకి?

ఈసారి వణుకు ముందుగా కబురు పెట్టి రాలేదు. కిటికీలోని వెలుతురు దగ్గరికొచ్చి దూరం వెళ్ళింది. యంత్రాల చప్పుడు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది. చెయ్యి పెట్టె మీదే ఉంది. ఆ చెయ్యి తనదని తెలుస్తోంది గానీ, దాన్ని ఎత్తాలని తెలియడం లేదు. మేనకోడలు పసిదై ఏడుస్తున్నట్టు, పాలసీసా ఎక్కడ పెట్టానో గుర్తుకు రానట్టు అనిపించింది. ముక్కుకు కమురు వాసన తగిలింది. నలభై ఏళ్ళుగా ఇంకొకళ్ళ బల్లల మీద మాత్రమే పసిగట్టిన వాసన. అదే ఆమెను వెనక్కి లాగింది. పెట్టె ఎత్తి పక్కన పెట్టి, పొట్లంలో మిగిలిన పంచదారంతా నోట్లో ఒంపుకుని, నేల మీద చతికిలబడింది.

చిన్న ఓనరు పరుగెత్తుకొచ్చాడు. కోటు రొమ్ము మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"కాలిందా?"

"కాల్చాను."

ఉతికే యంత్రం ఏడ్చిందని చెప్పినా అతను అంత ఆశ్చర్యపోయేవాడు కాదు. టీ తెప్పించి, ఆమె అన్నం డబ్బా మూత తీసి ముందు పెట్టి, తినేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఎండ సందులోంచి వెళ్ళిపోయే వేళకు సిస్టరు వచ్చింది. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ కోట్లు పట్టుకెళ్ళడం ఆమెకు అలవాటు. మడతక్క మడతపెట్టినవి ముందుంచి, మచ్చపడ్డది వాటి పక్కన విడిగా పరిచింది. దాన్ని మడిచి దాచడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నీదే అమ్మా. పాడుచేశాను."

సిస్టరు మచ్చ మీద వేలు పెట్టింది. "నువ్వా?" అంది. కోపంగా కాదు. ఆ మాట వెనక ఇంకో ప్రశ్న తయారవుతున్నట్టు ఆమె చూపు కోటు మీంచి మడతక్క ముఖం మీదికి, చేతుల మీదికి వచ్చింది.

అది అడిగేలోపే కండక్టరు గుమ్మంలోకి వచ్చాడు. యూనిఫారం కోసం రోజూ వచ్చే మనిషే. ఇవాళ గుమ్మం దాటి లోపలికి రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"డ్రైవరు గురువుగారు పోయారక్కా."

సిస్టరు కోటు మీంచి వేలు తీసేసింది.

"నా బండిలోనే. పొద్దున క్లినిక్కు దగ్గర ఎక్కారు. ఇక్కడ దిగుతారనుకున్నా. ఒక రౌండు నీతో వస్తాన్రా అన్నారు. తను నడిపిన రూటు కదా, అప్పుడప్పుడు అలా వస్తుంటారు. డ్రైవరు వెనక కిటికీ సీట్లో కూర్చుని, ఆ మలుపులో గేరు ముందే మార్చమని మా డ్రైవరుకి పాఠాలు చెప్పారు. తర్వాత నిద్రపోయారనుకున్నాం. ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాం. జనమంతా దిగాక లేపబోతే... అంబులెన్సు వాళ్ళు తీసుకెళ్ళారు. కొడుకు వస్తున్నాడట. జేబులో క్లినిక్కు కాగితాలుంటే ఇచ్చేశాను."

సిస్టరు మెల్లగా ఉతకని బట్టల మూట మీద కూర్చుంది.

"చెమటలు పట్టి ఉన్నాడు పొద్దున" అంది. "నేను చూశాను. పక్కన కూర్చోబెట్టి నాడి చూద్దామనే అనుకున్నా. ఈయన పేరు మా కంప్యూటర్లో లేదు కదా, రేపు వాళ్ళు చూస్తారులే అనుకున్నాను. అలా అనుకున్నాను మడతక్కా."

"నేనూ చూశాను" అంది మడతక్క. "భుజం నొక్కుకుంటున్నాడు. నాకు వచ్చేలాంటిదే అనుకుని పంచదార ఇచ్చాను."

సిస్టరు తలెత్తింది. "నీకు వచ్చేలాంటిదా?"

మడతక్క బల్ల మీది దుప్పటిని అరచేత్తో సాపు చేసింది. అక్కడ సాపు చెయ్యాల్సిందేమీ లేదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఆ జవాబు ఇప్పుడు ఆయనకు చెప్పే దారి లేదు.

"వణుకొస్తోంది సిస్టరమ్మా. చెమటలు పోస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఇవాళ ఇస్త్రీపెట్టె చేతిలో ఉందన్న సంగతే తెలీలేదు. అందుకే అది కాలింది."

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం నుంచి."

"డాక్టరుగారు పొద్దున అడిగారు కదా."

"అడిగారు. నా వైపు చూసి అడగలేదు."

"నేనున్నానుగా అక్కడ."

"నువ్వున్నావనే చెప్పలేదమ్మా."

సిస్టరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం తిప్పుకుంది. బయట సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నీ నంబరు కోసమా నీ కాలు నేను ఒళ్ళో పెట్టుకుంది?" అంది. "అప్పుడు నంబర్లే లేవు కదా."

ఇన్నాళ్ళూ తాను మోసింది ఎవరూ మొయ్యమనని మూట అని తెలిస్తే మనిషికి తేలిక కాదు ముందు కలిగేది. సిగ్గు కలుగుతుంది. మడతక్కకు అదే కలిగింది.

సిస్టరు ఫోను తీసి డాక్టరుకు చేసింది. పెద్దాయన సంగతి ముందు చెప్పింది. తర్వాత ఈమె సంగతి. "అవునండీ, పచ్చ పోతుంది. పోతే పోనివ్వండి" అంది సిస్టరు నెమ్మదిగా. విని, ఊఁ కొట్టి, పెట్టేసింది. "ఇవాళ్టి నుంచి రాత్రి మాత్ర వేసుకోవద్దన్నారు. రేపు పొద్దున్నే నిన్ను తీసుకురమ్మన్నారు. కంప్యూటరు పక్కకి జరిపి మాట్లాడతానన్నారు."

"ఎర్రదైతే నన్నూ పెద్దాసుపత్రికి పంపేస్తారా?"

ఆ మాటకు సిస్టరు చప్పున జవాబు చెప్పలేదు. "నేనైతే పంపను" అంది. అది ఆమె చేతిలో ఎంతవరకు ఉందో ఆమెకే తెలీదని మడతక్కకు తెలిసిపోయింది. అయినా ఆ మాట అనడానికి ఆమె తీసుకున్న వ్యవధిలో అబద్ధం లేదనిపించింది. ఆ పూటకు అది చాలు.

గుమ్మంలో కండక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. బండి కడగడానికి షెడ్డులోకి తీసుకెళ్ళాలని, ఆయన సామానేదైనా మిగిలిపోయిందేమో తనకు చూడబుద్ధి కావడం లేదని అన్నాడు. "మీరొకసారి వస్తారా అక్కా?"

చిన్న ఓనరు వెళ్ళమన్నట్టు తల ఊపాడు. మడతక్క పెట్టె స్విచ్చి తీసేసింది. ముగ్గురూ సందు దాటి బస్టాండులోకి నడిచారు. బస్సు ఒక మూల ఒంటరిగా ఆగి ఉంది, తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల రోజంతా ఎక్కి దిగిన జనం వాసన. చేతికందే కమ్మీలన్నీ నిశ్చలంగా ఉన్నాయి. కిటికీ సీటు రెక్సిను మీద మనిషి కూర్చున్న పల్లం ఇంకా పూర్తిగా పైకి లేవలేదు. సీటు మీద ఏమీ లేదు.

"కాళ్ళు వాచాయని విప్పుకుని ఉంటాడు" అంది సిస్టరు, వంగి కింద చూస్తూ.

ఆ సీటు కింద నల్ల బూట్లు రెండూ జతగా ఉన్నాయి, మేజోళ్ళు లోపల ఉండలుగా దోపి, మొనలు రోడ్డు వైపు తిప్పి. బ్రేకు తొక్కీ తొక్కీ కుడి బూటు ముందు భాగం మాత్రం కాగితమంత పల్చగా అరిగిపోయి ఉంది.